గుర్రానికీ ఇన్‌హేలరే!

అట్లాంటాకు ఉత్తరాన ఆల్ఫరెట్టా, కమ్మింగ్ ప్రాంతాల్లో ఉండే మనవాళ్లకు పక్కనే ఉన్న మిల్టన్ గుర్రపుశాలలు కొత్తేమీ కాదు. కూచిపూడి, కుమాన్ తరగతుల మధ్య ఇప్పుడు గుర్రపు స్వారీ కూడా చేరిపోయింది. మా పదకొండేళ్ల అమ్మాయి రెండేళ్లుగా నేర్చుకుంటోంది. తను ఎక్కే గుర్రానికి పద్దెనిమిదేళ్లు. పోయిన చలికాలంలో స్వారీ మొదలుపెట్టగానే అది రెండు మూడుసార్లు దగ్గేది. గడ్డిపోచ ఏదో అడ్డం పడిందిలే అనుకున్నారంతా. నేనూ అంతే.

కనిపెట్టింది మా అమ్మాయే. తనకు చిన్నప్పటి నుంచీ ఆస్తమా. ‘‘నాన్నా, ఊరికే నిలబడి ఉన్నా దీని పొట్ట ఎగిరెగిరి పడుతోంది చూడు. నాకు రాత్రిళ్లు ఇలాగే అవుతుంది’’ అంది. ఫోన్‌లో టైమర్ పెట్టి లెక్కపెట్టాం. ఆరోగ్యంగా ఉన్న గుర్రం విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 8 నుంచి 16 సార్లు ఊపిరి తీస్తుంది. ఇది 28 సార్లు తీస్తోంది. ముక్కుపుటాలు విప్పారి ఉన్నాయి.

వెటర్నరీ డాక్టర్ వచ్చారు. జ్వరం లేదు. ఊపిరితిత్తుల్లోకి సెలైన్ పంపి, వెనక్కి తీసి పరీక్షిస్తే వాపును సూచించే న్యూట్రోఫిల్ కణాలు బాగా ఉన్నాయి. తీవ్రమైన ‘ఈక్వైన్ ఆస్తమా’ అని తేల్చారు. పాతకాలం రైతులు ‘హీవ్స్’ అనేది దీన్నే. గాలి బయటకు నెట్టడానికి పొట్ట కండరాలు కష్టపడీ కష్టపడీ డొక్కల వెంట గీత కట్టినట్టు కనబడుతుంది. 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ ఇంటర్నల్ మెడిసిన్ నిపుణుల పత్రం వచ్చాక ‘ఆస్తమా’ అన్న పేరు స్థిరపడింది. కుర్ర గుర్రాలకు తేలికపాటిది వస్తుంటుంది. అప్పుడప్పుడూ దగ్గడం, పరుగు తగ్గడం తప్ప పైకి ఏమీ తెలియదు.

కారణం? అది రోజూ తినే ఎండుగడ్డే. అందులోని దుమ్ము, బూజు. గుర్రం మనలా నోటితో గాలి పీల్చలేదు, ముక్కే దిక్కు. ఆ ముక్కు గంటల తరబడి గడ్డిలోనే ఉంటుంది. పెద్ద గుండ్రటి గడ్డిమోపులో తల దూర్చి తినే గుర్రాలకు మరీ ప్రమాదం.

గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ ఇదంతా విని, ‘‘గడ్డి మీద కాసిని నీళ్లు చల్లి వెయ్యరట్రా? మన గేదెలకి వేసేవాళ్లం కాదూ?’’ అంది. ఉబ్బసంతో ఏటా మృగశిర కార్తెకి హైదరాబాద్ వెళ్లి చేపమందు మింగి వచ్చిన మనిషి ఆవిడ. చేపమందు సంగతేమో గానీ, గడ్డి విషయంలో మాత్రం డాక్టర్ మాట కూడా అదే. చల్లితే చాలదు, అరగంటైనా నానబెట్టాలి. నానిన గడ్డిని వెంటనే తినిపించాలి, ఎండాకాలం గంటల్లోనే పాడైపోతుంది. కుదిరితే ఆవిరి పట్టవచ్చు, లేదా పెల్లెట్లు పెట్టవచ్చు. శాల ఊడ్చేటప్పుడు గుర్రాన్ని బయట కట్టేయాలి.

అయితే అన్ని గుర్రాలకూ బయటి గాలి మందు కాదు. జార్జియా, లూసియానా లాంటి ఉక్కపోత రాష్ట్రాల్లో కొన్ని గుర్రాలకు వేసవిలో పచ్చికబయలే పడదు. వాటిని శాలలోనే ఉంచాలి. మా గుర్రానిది ఎండుగడ్డి రోగం కాబట్టి బయటకు మార్చారు.

మందులూ ఉన్నాయి. వాపు తగ్గించే స్టెరాయిడ్లు, శ్వాసనాళాలు విప్పే మందులు. ముక్కుకు మాస్కు తగిలించి ఇన్‌హేలర్ కొడతారు. అది చూసి మా అమ్మాయి ఎంత మురిసిపోయిందో! కానీ స్టెరాయిడ్ ఎక్కువైతే గిట్టల్లో వాపు వచ్చే ప్రమాదం ఉందట. దుమ్ము తగ్గించకుండా మందు ఒక్కటే ఇస్తే మళ్లీ మొదటికే వస్తుంది. పూర్తిగా నయమయ్యే జబ్బు కాదిది.

ఆ దుమ్ము మా అమ్మాయి కూడా పీలుస్తోందన్న సంగతి నాకు ఆలస్యంగా వెలిగింది. తన డాక్టర్‌ను అడిగి, గడ్డి కొట్టం వైపు వెళ్లకుండా, మాస్కు, ఇన్‌హేలర్ ఎప్పుడూ సంచిలో ఉండేలా చూస్తున్నాం. అమ్మాయి స్వారీ మానేయాలా అని ఇంట్లో రెండు వారాలు వాదన నడిచింది. మానలేదు.

గుర్రం ఊపిరి ఇప్పుడు నిమిషానికి 14. దౌడు లేదు, నడకే. పాఠానికి ముందు అమ్మాయి బయట నిలబడి లెక్కపెట్టి, తలుపు మీద ఉన్న కాగితంలో రాసి వస్తుంది.