కారులో పెట్రోలు వాసన

గత వేసవిలో ఒకనాడు మేమందరము కారులో విజయవాడనుంచి గుంటూరుకు బయలుదేరాము. దారిలో బంకువద్ద టాంకు నిండా పెట్రోలు పోయించాను. పోసే గన్ను దానంతట అదే ఆగిన తరువాత కూడా, లెక్క సరిపోవాలని మరికొంత పోయమన్నాను. మంగళగిరి చేరకముందే వెనుక సీటులో ఉన్న మా అమ్మాయి "నాన్నా, పెట్రోలు కంపు" అన్నది. కొంతసేపటికి "ఇప్పుడు రావడం లేదులే" అన్నది. ఆ మాటతో నేను నిశ్చింతపడ్డాను. గుంటూరులో దిగి, పది నిమిషాలు బయటి గాలి పీల్చి, మరల తలుపు తీసేసరికి వాసన గుప్పున కొట్టింది. వాసన ఎక్కడికీ పోలేదు. మా ముక్కులే దానికి అలవాటుపడినవి. పాఠము చెప్పేవాడనై ఉండీ ఈ సంగతి మరచినందుకు సిగ్గుపడ్డాను.

పెట్రోలు ఒకే పదార్థము కాదు. అణువులో 4 మొదలు 12 వరకు కార్బను పరమాణువులు గల అనేక హైడ్రోకార్బనుల మిశ్రమము. వీటిలో తేలికైనవి ఎంత చలిలోనైనా ఆవిరి అవుతూనే ఉంటవి. సున్నకు దిగువ 40 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కూడా పెట్రోలు పైనున్న ఆవిరికి నిప్పు అంటుకొనగలదు. ఆ ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది. కనుక అది పైకి పోక, కారు అడుగున, సీట్ల క్రింద, డిక్కీలో పేరుకొంటుంది. గాలిలో దాని పాలు సుమారు 1.4 శాతమునుంచి 7.6 శాతము వరకు ఉన్నప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు.

మన ముక్కు మాత్రము గాలిలో పదిలక్షల పాళ్ళకు ఒక పాలు ఉన్నా పెట్రోలును పసిగడుతుంది. అంటే, వాసన వచ్చినంతమాత్రాన కారు అప్పుడే అంటుకొంటుందని కాదు. ఎంతో ముందుగా వచ్చిన హెచ్చరిక అన్నమాట. అయితే ముక్కు ఆ హెచ్చరికను ఒక్కసారి చెప్పి ఊరుకుంటుంది. పైగా పెట్రోలులో కొద్దిపాటి బెంజీను ఉంటుంది. అది కాన్సరు కలిగించే పదార్థము. మూసిన కారులో ఆ గాలిని రోజూ పీల్చుట పిల్లలకు గాని పెద్దలకు గాని మంచిది కాదు.

పూర్వము కార్ల టాంకులలోని ఆవిరి నేరుగా గాలిలో కలిసేది. 1970లో కాలిఫోర్నియాలోను, 1971లో అమెరికా అంతటా, కొత్త కార్లలో ఆ ఆవిరిని పట్టి ఉంచే ఏర్పాటు తప్పనిసరి అయినది. తరువాత ఆ పద్ధతి ఇతర దేశాలకు వ్యాపించింది. ఒక డబ్బాలో ఉత్తేజిత బొగ్గు ఉంటుంది. దానిలోని సూక్ష్మరంధ్రాల గోడలకు ఆవిరి అంటుకొంటుంది. ఇంజను నడిచేటప్పుడు ఒక కవాటము తెరచుకొని ఆ ఆవిరిని ఇంజనులోకి పీల్చి మండిస్తుంది. బంకులో గన్ను ఆగిన తరువాత కూడా పోయిస్తే ద్రవమే ఆ డబ్బాలోకి పోయి బొగ్గును పాడుచేయవచ్చును. అంతేకాదు, 40 లీటర్ల పెట్రోలు 15 డిగ్రీలు వేడెక్కితే అరలీటరుకు పైగా వ్యాకోచిస్తుంది. టాంకు పైభాగమున ఖాళీ ఉంచేది ఇందుకే.

మరి, లోపము ఎక్కడ ఉన్నదో కనుగొనుట ఎట్లా? వాసన ఎప్పుడు, ఎక్కడ వస్తున్నదో గమనిస్తే సగము జవాబు దొరుకుతుంది.

టాంకు నిండుగా ఉన్నప్పుడే వస్తే లోపము టాంకు పైభాగములో ఉండవచ్చును: మూత, పోసే గొట్టము, పంపు మూత క్రింది రబ్బరు వలయము, లేదా బొగ్గు డబ్బా. ఇంజను వేయగానే, ముఖ్యముగా బ్లోయరు తిప్పగానే వస్తే, ఇంజనువద్ద గొట్టములనో ఇంజెక్టర్ల వలయములనో అనుమానించవలెను. బ్లోయరు గాలిని ముందు అద్దము మొదలునుంచి తీసుకొంటుంది గదా! కారు పోతున్నప్పుడు కాలిన పొగ వాసన వస్తే డిక్కీ తలుపు రబ్బరునో, పొగగొట్టమునో చూపించవలెను. ఆ పొగలో వాసనలేని విషవాయువు కార్బను మోనాక్సైడు కూడా ఉంటుంది. ఒక్కొక్కప్పుడు లోపము కారుది కానే కాదు. డిక్కీలో పెట్టిన పెట్రోలు సీసాదే.

మా కారులో వాసన వెనుక సీటులో ఎక్కువ. టాంకు సగానికి తగ్గగానే లేదు. ఈ రెండు సంగతులు చెప్పగానే మెకానిక్కు వెనుక సీటు ఎత్తి చూశాడు. చాలా చిన్నకార్లలో పెట్రోలు పంపు అక్కడే, టాంకు లోపల ఉంటుంది. దాని మూత చుట్టూ దుమ్ము తడిసి ఉన్నది. రబ్బరు వలయము గట్టిపడి పగిలింది. కొత్తది వేయగానే బాధ తీరింది. ఇటీవల మన దేశములో పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలుపుతున్నారు. దానికి తగినట్లు చేయని పాత రబ్బరు త్వరగా చెడవచ్చును కనుక పాత కార్లవారు ఈ భాగాలను ఏటా చూపించుకొనుట మేలు.

వాసన గాఢముగా ఉన్నా, కారు క్రింద తడి కనిపించినా, కారును ఆరుబయట ఆపి, ఇంజను కట్టి, అందరూ దిగి దూరముగా నిలువవలెను. మరల స్టార్టు చేయక మెకానిక్కును అక్కడికే పిలిపించవలెను. అగ్గిపుల్ల వెలిగించి వెదకుట ప్రాణాంతకము. ఇంజెక్షను కార్లలో గొట్టములోని పెట్రోలు వాతావరణ పీడనమునకు ఎన్నో రెట్ల ఒత్తిడిలో ఉంటుంది. ఇంజను ఆగినా కొంతసేపు ఆ ఒత్తిడి నిలుస్తుంది. కనుక గొట్టములను మనము విప్పరాదు. పగిలిన గొట్టమునకు టేపు చుట్టుట మరమ్మతు కాదు, మార్చవలసినదే. సువాసన ద్రవ్యము చల్లితే హెచ్చరికను కప్పిపుచ్చుకొన్నట్లే.

మరమ్మతు అయిన తరువాత ఒక చిన్న పరీక్ష చేయండి. గన్ను ఆగేవరకే పెట్రోలు పోయించి, అద్దాలు ఎత్తి కారును రాత్రంతా ఉంచండి. ఉదయము, అంతవరకు అందులో కూర్చోనివారిచేత తలుపు తీయించండి. మా యింట ఆ పని మా అమ్మాయి చేసింది. "ఏమీ లేదు నాన్నా" అన్న తరువాతనే ఆమెను కారు ఎక్కించుకొన్నాను.