బాణానికి ఈకలు తోకవైపే ఎందుకు?

ఇలా దగ్గరికి జరగండర్రా. టీవీలో విలువిద్య పోటీ చూస్తూ చిన్నోడు ఓ ప్రశ్న వేశాడు. "తాతా, పిట్టకి రెక్కలు పక్కన ఉంటాయి కదా, మరి బాణానికి ఈకలు కొసన ఎందుకు కట్టారు?" అని. భలే అడిగాడు. ఆ ఈకలు బాణం ఎగరడానికి కట్టినవి కావు, వెనక్కి లాగడానికి కట్టినవి!

నిజమేరా. బాణాన్ని ముందుకు తోసేది విల్లొక్కటే. అల్లెతాడు వదిలిపెట్టాక దాన్ని తోసేవాళ్లు ఎవరూ లేరు. ఈకలు గాలికి అడ్డుపడి వేగాన్ని కాస్త తగ్గిస్తాయి. ఆ అడ్డుపడటమే మనకు కావలసింది. బాణం కాస్త పక్కకు తిరిగిందనుకోండి, గాలి ఈకల చదునుకు ఒక పక్కనుంచి తగిలి, తోకను మళ్లీ దారిలోకి నెడుతుంది.

ఎంత గట్టిగా నెడుతుందనేది ఈకలు ఎక్కడున్నాయన్న దాన్నిబట్టే. ఈ వరండా తలుపు చూడండి. బందుల దగ్గర వేలు పెట్టి నెడితే కదలనే కదలదు, గొళ్లెం దగ్గర నెడితే చిటికెన వేలికే తెరుచుకుంటుంది. బాణానికి ఆ బందు, అది వేలి మీద పడిపోకుండా నిలిచే చోటు. ముందు బరువైన ములికి ఉండబట్టి ఆ చోటు నడిమికి కాస్త ముందుంటుంది. పోటీలకు వెళ్లేవాళ్లు బాణం పొడవులో 10 నుంచి 15 శాతం దాకా ముందుండేలా చూసుకుంటారు. అక్కడినుంచి ఈకలు ఎంత దూరంగా ఉంటే తోక మీద అంత పట్టు.

నమ్మకపోతే చేసి చూడండి. మన యరమరస్ చుట్టూ నల్లరేగడి చేలల్లో జొన్న కోశాక ఎండుదంట్లు బోలెడు. మూరెడు దంటు విరిచి, ఒక కొసకు తడి రేగడి ముద్ద అంటించండి. రెండో కొసను చీల్చి అట్టముక్క దూర్చండి. ఎదురుగా ఎవరూ లేకుండా చూసుకుని విసరండి, ముద్ద ముందుకే పోతుంది. ఇప్పుడు ముద్ద తీసేసి, అట్టముక్క ఉన్న కొసనే ముందుకు పెట్టి విసరండి. గాల్లోనే తిరగబడి అట్టముక్కను వెనక్కి తెచ్చుకోవాలని చూస్తుంది. నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

"అయితే పూర్తిగా చివరికంటా కట్టొచ్చుగా?" అంటుంది మా పెద్దమ్మాయి. కట్టొచ్చు తల్లీ, కానీ అల్లెతాడు లాగే వేళ్లు అక్కడే ఉంటాయి. ఈక వేలికో చెంపకో తగిలితే వదిలే క్షణంలోనే బాణం చెదురుతుంది. అందుకే తాడు కూర్చునే గాడికి ఓ అంగుళం అటూఇటూగా వదిలి అతికిస్తారు.

మన విలుకాళ్ల బాణాలే చూడండి. విజయవాడ అబ్బాయి బొమ్మదేవర ధీరజ్‌ది వేళ్లతో లాగే రికర్వ్ విల్లు. తాడు వేళ్ల కొసలనుంచి జారేటప్పుడు కాస్త పక్కకు పోతుంది, దాంతో బాణం అటూఇటూ వంగుతూ బయల్దేరుతుంది. దాన్ని కుదురుగా నిలబెట్టి 70 మీటర్ల దూరంలో 12.2 సెంటీమీటర్ల పది పాయింట్ల గుండ్రంలోకి పంపాలి! అలాంటి బాణాలకు చాలామంది పల్చటి ప్లాస్టిక్ రేకులు మెలి తిప్పినట్టు అతికిస్తారు. అవి బాణాన్ని గిరగిరా తిప్పుతాయి. తిరిగే బాణానికి ఏ చిన్న వంకరున్నా ఒకే పక్కకు లాగకుండా అన్ని వైపులా సర్దుకుపోతుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకితా భకత్‌తో కలిసి అతను నాలుగో స్థానం దాకా వెళ్లాడు.

అదే ఊరి వెన్నం జ్యోతి సురేఖది కాంపౌండ్ విల్లు. అందులో తాడును వేళ్లు కాదు, చిన్న మీట వదులుతుంది కనుక ఆ వంపు తక్కువ. మన శక్తినగర్ పక్కనుంచి పారే కృష్ణనే కింద బెజవాడ దగ్గర నాలుగేళ్ల వయసులో ఈదేసిన పిల్ల! 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది.

వేట బాణం సంగతి వేరు. దాని ములికి వెడల్పుగా, పదునైన రేకులతో ఉంటుంది. ముందున్న ఆ రేకులకూ గాలి తగిలి బాణాన్ని తిప్పేయాలని చూస్తుంది. అందుకని అమెరికాలో వేటగాళ్లు వెనక ఇంకా పెద్ద ఈకలు కడతారు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వన్యప్రాణుల వేటే నేరం, అదే మంచిది.

అసలు ఈకలు కట్టేటప్పుడు ఇంకో మెలిక ఉంది. మూడు ఈకల్లో ఒకటి వేరే రంగుది. అది వింటికి ఎడంగా బయటివైపు ఉంటే మిగతా రెండూ విల్లుకు రాసుకోకుండా జారిపోతాయి. పైగా మూడూ ఒకే వైపు రెక్కవి కావాలి. ఎడమ రెక్క ఈకల వంపు ఒకలా, కుడి రెక్కవి ఇంకోలా ఉంటుంది. కలిపి కడితే ఒకటి ఇటు తిప్పితే ఇంకోటి అటు తిప్పుతుంది. పెరట్లో రాలిన ఈకలు ఏరుకురండి. నడిమి కాడకు ఒక పక్క సన్నంగా, ఇంకో పక్క వెడల్పుగా ఉంటాయి చూడండి. ఏది ఏ రెక్కదో కూర్చుని విడదీద్దాం.