రెండు లిపులొస్తే డిజైన్‌లో రాణింపు

హొసూరు: పీయూసీ అయ్యాక మూడు నెలలు ఫొటోషాప్, కోరల్‌డ్రా నేర్చుకుంటే గ్రాఫిక్ డిజైనర్ అయిపోవచ్చనుకుంటే పొరపాటే. సాఫ్ట్‌వేర్ పనిముట్టు మాత్రమే. అక్షరం మీద పట్టుంటేనే నాలుగు కాలాలు నిలుస్తారు.

ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడ. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురం పిల్లలకు ఇదే పెట్టుబడి. 2024 చట్ట సవరణతో కర్ణాటకలో దుకాణాల బోర్డుల్లో 60 శాతం కన్నడ తప్పనిసరైంది. సరిహద్దు దాటి హిందూపురం, మదనపల్లె వెళితే తెలుగు కావాలి. రెండూ తెలిసినవారికి రెండు వైపులా పనే.

తేడా కనిపెట్టండి

రెండు లిపులూ ఒక తల్లి బిడ్డలే. అయినా తెలుగు తలకట్టు టిక్కు పెట్టినట్టు పైకి లేస్తుంది, కన్నడది అడ్డంగా సాగుతుంది. ఉచితంగా దొరికే 'బాలూ' ఫాంటు కన్నడలో 'బాలూ తమ్మ', తెలుగులో 'బాలూ తమ్ముడు'. రెంటినీ పక్కపక్కన పెట్టి చేత్తో గీసి చూడండి.

ఎక్కడ చదవాలి?

బెంగళూరు చిత్రకళా పరిషత్‌లో బీవీఏ ఉంది. ఐఐటీల్లో బీడెస్‌కు యూసీడ్ రాయాలి. వరుసగా రెండేళ్లలో రెండుసార్లే అవకాశం. 2015లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐడీకి ప్రవేశ పరీక్ష వేరు. ఆర్ట్స్, కామర్స్ వాళ్లూ రాయొచ్చు.

సీటు వచ్చేదాకా ఊరికే కూర్చోవద్దు. బస్టాండులోని పది బోర్డులు చూసి, వాటిని మీరైతే ఎలా రాస్తారో రెండు భాషల్లోనూ గీసి దాచుకోండి. రేపు పని అడిగేటప్పుడు చూపించాల్సింది అదే. ఒత్తులు మాత్రం సరిచూసుకోవాలి. బోర్డు మీద ఒక్కటి తప్పినా ఊరంతా చదువుతుంది మరి!