మినుము ఇంటికొచ్చాక అరకు దారి పట్టండి

మినుము, పెసర నూర్చేశారు. జీడిపిక్క ఇంకా పూర్తిగా రాలడం లేదు. శివరాత్రికీ ఉగాదికీ మధ్య దొరికే ఈ కాస్త తీరికలో నలుగురు తోటి రైతులు కలిసి అరకు వెళ్లి రండి. ఆడవాళ్లనూ తీసుకెళ్లండి. కోత, ఎండబెట్టడం సంగతులు వాళ్లే బాగా కనిపెడతారు.

విశాఖలో పొద్దున్నే బయలుదేరే కిరండూల్ ప్యాసింజరు ఎక్కండి. అద్దాల పెట్టె టిక్కెట్టు ఖరీదు. మామూలు పెట్టెలో కూర్చున్నా అవే కొండలు, అవే సొరంగాలు! టైడా అడవి, బొర్రా గుహలు దారిలోనే. అరకులో పద్మాపురం తోట పిల్లలకు నచ్చుతుంది. యుద్ధకాలంలో సైనికుల కూరగాయల కోసం 1942లో వేసిన తోట అది.

మనం అసలు చూడాల్సింది కాఫీ తోటలు. పైన సిల్వర్ ఓక్ నీడ, దాని మానుకు పాకిన మిరియం తీగ, కింద కాఫీ. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాఫీ కోత, ఆ తర్వాత మిరియం. ఒకదాని ధర పడిపోతే రెండోది ఆదుకుంటుంది. ఎకరం, రెండెకరాల గిరిజన రైతుకు అదే ధీమా. వేసవి తొలిజల్లు పడిన వారం పది రోజులకు తోటంతా తెల్లగా పూస్తుంది. రైతును అడిగే లోపలికి వెళ్లండి, పూత కొమ్మలు రాసుకుంటూ తిరగొద్దు.

తీగ చూసి ముచ్చటపడి కట్టలు కట్టుకు రాకండి. అరకు 900 మీటర్ల ఎత్తున ఉంది. మన మెట్ట ఎండకు మిరియం తట్టుకోదు. నీటి వసతి ఉన్న కొబ్బరి తోటలో అయితే ఉద్యాన అధికారిని అడిగి రెండు తీగలు పెట్టి చూడొచ్చు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. 2025లో అరకు తోటల్లో కాఫీ కాయతొలుచు పురుగు బయటపడింది. ఆవగింజంత పురుగు, కాయ తొలిచి గింజలోనే గుడ్లు పెడుతుంది. సోకిన తోటల్లో కాయలు కోసి నాశనం చేయాల్సి వచ్చింది. ఒక తోటలో రాలిన కాయ జేబులో వేసుకుని ఇంకో తోటకు వెళ్తే ఆ పురుగును మీరే మోసినట్టు. కాయలు, పాత గోనెసంచులు ముట్టొద్దు. పొడి కావాలంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి. అడవిలో బీడీ కాల్చొద్దు, పొయ్యి పెట్టొద్దు. ఈ రోజుల్లో ఆకంతా ఎండి ఉంటుంది.

అక్కడ భూమి చవగ్గా ఇప్పిస్తామని ఎవరైనా అంటే అడ్వాన్సు ఇవ్వకండి. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనడం చెల్లదు.

తిరిగొచ్చేటప్పుడు ఒక పూట అనకాపల్లిలో దిగి బెల్లం మార్కెట్ చూడండి. అక్కడే పరిశోధనా స్థానం ఉంది. చెరకు వేసేవాళ్లు కొత్త రకాల విత్తన ముచ్చెలు ఎప్పుడిస్తారో అడిగి రాసుకు రండి.