రేంజర్సు అభిమానులును, రేడియోవారిపై అపనమ్మకమును

ఊరితగవు తీర్చిన పెద్దమనిషి కొక యనుభవము తప్పదు. తీర్పు విని లేచిపోవుచు ఉభయపక్షములవారును "ఈయన అవతలివారి మనిషి" యని గొణుగుకొందురు. స్కాట్లండు దేశమునందలి గ్లాస్గో నగరమున అట్టి నింద నొక ప్రసారసంస్థ అనేక సంవత్సరములు మోసినది. అందులో కొంత నింద న్యాయమైనది, కొంత కాదు. ఏది యేదో విడదీసి చెప్పుటయే నేటి నా ప్రసంగవిషయము.

ఆ నగరమున రేంజర్సు, సెల్టిక్ అను రెండు ఫుట్‌బాలు క్లబ్బులు గలవు. మొదటిది 1872 లోను, రెండవది 1887 లోను పుట్టినవి. ఐర్లండునుండి వలస వచ్చిన బీద కాథలిక్కుల సహాయార్థము సెల్టిక్‌ను కాథలిక్కు సన్న్యాసి యొకరు స్థాపించిరి. రేంజర్సు వెంట ప్రాటెస్టంటులు చేరిరి. కావున అచ్చట ఆట ఆటగా నిలువలేదు. మతము, రాజభక్తి, పేటల పౌరుషము అన్నియు నందులో పెనవేసికొనినవి. తాతనుండి మనుమనికి ఇల్లు సంక్రమించినట్లే క్లబ్బు కూడ సంక్రమించును.

ఇక ప్రసారసంస్థ బి. బి. సి. ఇది 1922 లో కంపెనీగా నేర్పడి, 1927 లో రాజశాసనముచే సార్వజనిక సంస్థ యైనది. దీని పోషణ కొఱకు టెలివిజను చూచు ప్రతి యింటివారును లైసెన్సు రుసుము చెల్లింపవలెను. 2012 లో నది సంవత్సరమునకు 145 పౌండ్ల 50 పెన్నీలు. మన దేశమునను పూర్వము రేడియోకు లైసెన్సు పుచ్చుకొనుట పెద్దల కెఱుకయే. పత్రిక నచ్చనిచో కొనుట మానవచ్చును. రుసుము చెల్లింపక టెలివిజను చూచుట మాత్రము అచ్చట నేరము. "మా సొమ్ము తిని మమ్మే దూషించుచున్నారు" అను మాటకు బలము వచ్చినది ఇందువలననే.

2011 లో బి. బి. సి. వారు మతవైషమ్యములనుగూర్చి యొక వార్తాచిత్రము చూపిరి. అందు రేంజర్సు మేనేజరు ఆలీ మెకోయిస్టు గారి దృశ్యమును కత్తిరించి కూర్చిన తీరు, చూచువారికి తప్పుడు భావము కలిగించునదిగా నుండెను. సంస్థ తన తప్పు నొప్పుకొని క్షమాపణ చెప్పినది. కాని క్షమాపణ చెవి సోకునప్పటికి చిత్రము కన్నులలో నిలిచిపోయి యుండును.

మఱుసటి యేడు రేంజర్సునకు పెద్ద యాపద వచ్చినది. 2012 ఫిబ్రవరి 14వ తేదీన క్లబ్బు కంపెనీ అప్పులపాలై పరుల నిర్వహణలోనికి పోయెను. జూనులో ఆస్తులు 55 లక్షల పౌండ్లకు వేఱొక కంపెనీకి అమ్ముడుపోయెను. జట్టు నాలుగవ తరగతినుండి మరల నాడవలసి వచ్చెను. అప్పుడు పుట్టిన ప్రశ్న యిది: క్లబ్బు పాతదేనా, క్రొత్తదా? పరుల కిది మాటల తగవుగా దోచును. అభిమానులకో, క్రొత్తదన్నచో తమ తాతలనాటినుండి గెలిచిన 54 లీగు విజయములు గాలికి పోయినట్లే. బి. బి. సి. వార్తలలో "పాత క్లబ్బు", "క్రొత్త క్లబ్బు" అని వ్రాయగా, శ్రోతలు ఫిర్యాదు చేసిరి. సంస్థపై విచారణాధికారము గల బి. బి. సి. ట్రస్టు 2013 లో ఆ మాటలు సరికావని తేల్చినది.

ఇంతవరకు తప్పు ప్రసారకులదే. ఇక రెండవ వైపు చూడుడు. 2012 మేలో బి. బి. సి. స్కాట్లండు వారు క్లబ్బు తన ఆటగాండ్రకు ట్రస్టుల ద్వారా అప్పులను పేర సొమ్ము ముట్టజెప్పిన సంగతి బయలుపెట్టిరి. అది జీతమే, ఆదాయపు పన్ను కట్టవలసినదే యని ప్రభుత్వము వాదించినది. ఆ సంవత్సరము నవంబరులో మొదటి న్యాయస్థానము చాలవఱకు క్లబ్బు పక్షమే పలికెను. అభిమానుల యాగ్రహ మెట్లుండునో ఊహింపవచ్చును. 2014 లో పై న్యాయస్థానమును అట్లే చెప్పెను. కాని 2015 లో స్కాట్లండు ఉన్నతన్యాయస్థానము తీర్పు తలక్రిందు చేసెను. 2017 జూలైలో సుప్రీముకోర్టు ప్రభుత్వపక్షమే స్థిరపఱచెను. అయిదేండ్లు గడచిన పిదప వచ్చిన తీర్పుచే అప్పటికే గట్టిపడిన కోపము కరుగునా? దృశ్యమును కత్తిరించిన సంగతి వారికి జ్ఞాపకమున్నది. పన్ను సంగతి మఱచినారు.

ఈ మఱపు ఒక్క గ్లాస్గోవారిదే కాదు. 1951 లో అమెరికాలో ప్రిన్స్‌టను, డార్ట్‌మతు కళాశాలల నడుమ నొక మోటు ఆట జరిగెను (అది చేతులతోను ఆడు అమెరికా ఫుట్‌బాలు). హాస్టార్ఫు, కాంట్రిల్ అను పండితు లిరువురు ఆ యాట ఫిలిమును రెండు కళాశాలల విద్యార్థులకును చూపి, తప్పులు లెక్కింపుమనిరి. డార్ట్‌మతు జట్టు చేసిన తప్పులు డార్ట్‌మతు విద్యార్థుల లెక్కకంటె ప్రిన్స్‌టను విద్యార్థుల లెక్కలో రెట్టింపునకు మించెను. చూచిన ఫిలిము ఒక్కటే! వీరెవ్వరు నబద్ధమాడలేదు, వారివారి కన్నులకు తోచినదే వ్రాసిరి. గ్లాస్గోలోను అంతే. సెల్టిక్ అభిమానులలో ననేకులు అదే బి. బి. సి. రేంజర్సునకు కొమ్ము కాయుచున్నదని తిట్టుదురు. అయితే "ఇరువురును తిట్టుచున్నారు గనుక మేము నిష్పక్షపాతులము" అని ప్రసారకులు మురియుట నాకు నచ్చదు. ఇరువురియెడలను తప్పు చేసినవానినిగూడ ఇరువురును తిట్టుదురు గదా!

2015 లో తగవు ముదిరినది. క్లబ్బువారు బి. బి. సి. విలేఖరి నొకనిని మైదానమునకు రానీయమనిరి. ఎవరు రావలెనో చెప్పుటకు మీ రెవరని బి. బి. సి. అసలు ఎవ్వరినిని పంపుట మానెను. ఇది చాలయేండ్లు సాగెను. క్లబ్బు మాట దక్కెను, సంస్థ పట్టు దక్కెను. రుసుము చెల్లించిన గ్లాస్గోవానికి మాత్రము తన జట్టు మైదానమున నిలిచి చెప్పువాడు లేకపోయెను. క్లైడు నదియొడ్డున బి. బి. సి. స్కాట్లండు భవనమున్నది, రేంజర్సు మైదానము ఐబ్రాక్సు. ఒకచోటినుండి మఱియొకచోటికి నడచిపోవచ్చును.