టాక్సీ ఓనర్లు బస్సులకు వాటాదారులైన వైనం

దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో రోడ్డు పక్కన నిలబడి చూపుడు వేలు పైకెత్తితే ‘టౌన్‌కి పోవాలి’ అని అర్థం. అది చూసి ఆగేది బస్సు కాదు, పదహారు సీట్ల వ్యాన్. అక్కడ దాన్నే టాక్సీ అంటారు. వెనక సీటులో వాళ్లిచ్చిన డబ్బులు చేతులు మారుతూ డ్రైవర్ దాకా వెళ్తాయి. చిల్లర కూడా అదే దారిన వెనక్కొస్తుంది. షేర్ ఆటోలో ఇరుక్కుని తిరిగే మనవాళ్లకు ఈ తంతేమీ వింతగా అనిపించదు.

వర్ణవివక్ష పాలనలో నల్లజాతి వాళ్లను నగరానికి దూరంగా సొవెటో లాంటి వాడల్లోకి నెట్టేశారు. పనులేమో నగరంలోనే. రోజూ రావాలి, పోవాలి. రైళ్లూ బస్సులూ ఏ మూలకూ చాలలేదు. ఆ లోటును నల్లజాతి చిన్న వ్యాపారులు సొంత బండ్లతో తీర్చారు. 1980ల చివర్లో లైసెన్సు ఆంక్షలు సడలడంతో బండ్లు ఇబ్బడిముబ్బడిగా పెరిగాయి, రూట్ల కోసం సంఘాల మధ్య తుపాకులు పేలాయి. ‘టాక్సీ యుద్ధాలు’ అన్న పేరు అలా వచ్చిందే. అయినా ఆ దేశంలో ప్రజా రవాణా మీద ఆధారపడేవారిలో ఎక్కువమందిని మోసేది ఇప్పటికీ ఈ వ్యాన్లే.

అలాంటి ఊళ్లో, 2010 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ముంచుకొస్తుండగా, నగరపాలక సంస్థ బీఆర్‌టీఎస్ (బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్) తలపెట్టింది. నమూనా కొలంబియా రాజధాని బొగోటాలో 2000 డిసెంబరులో మొదలైన ట్రాన్స్‌మిలెనియో. రోడ్డు మధ్యలో బస్సులకే కేటాయించిన దారి, బస్సు గుమ్మానికి సరిసమానమైన ఎత్తులో స్టేషన్లు. కాగితం మీద అంతా బాగుంది. కానీ ఆ రూట్లన్నీ అప్పటికే టాక్సీలవి.

అధికారులు ఇక్కడే కాస్త తెలివిగా ఆలోచించారు. ఏ టాక్సీవాళ్ల పొట్ట మీద కొడుతున్నామో వాళ్లనే బస్సులకు ఓనర్లను చేస్తామన్నారు. మాటలతో నమ్మించలేమని తెలిసి, సంఘాల నాయకులను బొగోటాకే తీసుకెళ్లారు. ఒకప్పుడు చిన్న బస్సులు నడుపుకున్నవాళ్లు కొత్త వ్యవస్థలో ఎలా భాగమయ్యారో చూపించారు. నాయకుల్లో కొందరు మెత్తబడ్డారు. అయితే నాయకుడు ఒప్పుకున్నంత మాత్రాన సంఘం ఒప్పుకున్నట్టు కాదని ఏ యూనియన్ ఆఫీసు గుమ్మం తొక్కినవాళ్లకైనా తెలుసు. 2009 మార్చిలో టాక్సీలు సమ్మెకు దిగాయి. ఆ ఏడాది ఆగస్టు 30న సొవెటో నుంచి నగరం మీదుగా ఎలిస్ పార్క్ దాకా 25.5 కిలోమీటర్ల దారిలో ‘రియా వాయా’ బస్సులు కదిలాయి. కొద్ది రోజులకే సొవెటోలో ఓ బస్సు మీద కాల్పులు జరిగి ప్రయాణికులు గాయపడ్డారు.

బస్సులు ఆగలేదు, బేరసారాలూ ఆగలేదు. అప్పటికి నడపడానికి తాత్కాలికంగా ఓ కంపెనీ పెట్టి, మధ్యవర్తిని కూర్చోబెట్టి ఏడాదికి పైగా మాట్లాడుకున్నారు. చిక్కంతా లెక్కల్లోనే. ఒక టాక్సీ మీద నెలకు మిగిలేదెంత? అది చేతికందే నగదు వ్యాపారం, ఖాతా పుస్తకాలుండవు. ఓనరు చెప్పే లెక్క ఒకటి, అధికారి వేసే అంచనా మరొకటి. అసలు ఈ రూట్లో నిజంగా తిరిగే బండి ఏది, పరిహారం వస్తుందని కొత్తగా వచ్చి చేరింది ఏది? డ్రైవర్ల సంగతేమిటి? ఇలాంటి ప్రశ్నలు ట్రాఫిక్ సర్వేల్లో కనిపించవు. ప్రాజెక్టు నిలబడేదీ పడిపోయేదీ మాత్రం వీటి దగ్గరే.

చివరికి 585 టాక్సీలను రూట్ల నుంచి తప్పించేందుకు ఒప్పందం కుదిరింది. పాత బండి తుక్కుకు ఇస్తే ప్రభుత్వమిచ్చే సొమ్మే కొత్త కంపెనీలో పెట్టుబడి అయింది. అలా 300 మందికి పైగా ఓనర్లు పయోట్రాన్స్ అనే సంస్థలో వాటాదారులయ్యారు. 2011 ఫిబ్రవరి నుంచి బస్సులు నడిపే బాధ్యత 12 ఏళ్ల కాంట్రాక్టు మీద వాళ్లకే దక్కింది. జనం ఎందరెక్కారన్న దానితో పని లేకుండా, బస్సు తిరిగిన కిలోమీటర్లను బట్టి చెల్లింపు. ప్రయాణికుల కోసం రోడ్డు మీద పోటీపడి దూసుకుపోవాల్సిన అవసరం అక్కడితో తీరింది.

అంతా సుఖాంతమని చెబితే అబద్ధమే. అనుకున్నంతమంది బస్సు ఎక్కలేదు. టికెట్ల డబ్బు కిలోమీటర్ల బిల్లుకు చాలక నగర ఖజానా మీద భారం పడింది. 2017లో జీతభత్యాల కోసం డ్రైవర్లు సమ్మె కట్టి బస్సులు నిలిపేశారు. ఒకప్పుడు నగరపాలక సంస్థ మీద సమ్మెకు దిగిన ఓనర్లు ఈసారి యాజమాన్యం కుర్చీలో ఉన్నారు!

మన దగ్గరికొస్తే, 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం జనాభా పది లక్షలు దాటిన నగరాల్లో అన్ని రవాణా సంస్థలనూ కలిపే ‘ఉమ్టా’ ఉండాలంది. హైదరాబాద్‌లో ఆ సంస్థ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఏర్పాటైంది. మెట్రో, ఆర్టీసీ, రైల్వే, పోలీసు ఒకచోట కూర్చోవడం అవసరమే, కాదనలేం. కానీ అక్కడ కూర్చునేది ప్రధానంగా అధికారులే, ఆటోవాళ్లు కాదు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం మొదలైంది. మహిళలకు అదెంత మేలో బస్టాపులో నిలబడి చూస్తే తెలుస్తుంది. గిరాకీ పడిపోయిందని ఆటో డ్రైవర్లు రోడ్డెక్కిందీ అప్పుడే. ఏటా 12 వేలు ఇస్తామన్న ఎన్నికల హామీని వాళ్లు గుర్తుచేస్తూ వచ్చారు.

ఆంధ్రప్రదేశ్‌లో మహిళలకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైతే, అక్టోబరులో ఆటో డ్రైవర్ల ఖాతాల్లో 15 వేల రూపాయల చొప్పున పడ్డాయి. ఏడాదికి పరిస్తే రోజుకు 41 రూపాయలు. ఇన్సూరెన్సుకో, ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కో పనికొస్తుంది, కాదనడానికి లేదు. పోయిన గిరాకీ ఎంత, బస్సు దిగిన ప్రయాణికురాలిని ఇంటి సందు దాకా చేర్చే పనిని ఆటోలకు ఒప్పగించవచ్చా, దానికి కిలోమీటరుకు ఎంత కట్టివ్వాలి అన్న లెక్కలు తేలాలంటే మాత్రం జొహానెస్‌బర్గ్‌లో జరిగినట్టు ఎదురెదురుగా కూర్చుని నెలల తరబడి బేరమాడాల్సిందే.