మెడను తిప్పేది ఎవరు?

మాది చేగుంట. హైదరాబాదు నుంచి నాగపూరు పోయే రోడ్డు మీద ఉంటుంది. వ్యవసాయమే మా ఇంటికి ఆధారం. నేను ఇంటర్ చదివే రోజుల్లో మా పెద్దబాపుకు మెడ ఎడమవైపుకు తిరగడం మొదలైంది. పొలం ఒడ్డు మీద నడుస్తూ ఎదురుగా చూద్దామన్నా తల పక్కకు గుంజేది. కుడివైపు మెడకండ తాడులాగ ఉబ్బి కనపడేది. మొదట మెడ పట్టేసిందని నూనె రాశారు. తర్వాత గాలి సోకిందని తాయెత్తు కట్టారు. చివరకు అప్పు చేసి పట్నంలో మెదడుకు ఎమ్.ఆర్.ఐ. తీయించాం. రిపోర్టులో "నార్మల్" అని వచ్చింది.

ఆ ఒక్క మాట మా ఇంట్లో చేసిన చెరుపు ఇంతా అంతా కాదు. పెద్దబాపు తువ్వాల కొస చెంపకు ఆనించుకుంటే తల దానంతట అదే నిటారుగా నిలిచేది. తీస్తే మళ్ళీ తిరిగేది. "తువ్వాల ఆనిస్తే నిలవడే మెడ, తీస్తే ఎట్ల తిరుగుతదిరా? నాట్లప్పుడే వస్తదా ఈ రోగం?" అన్నాడు మా బాపు. సైన్సు చదువుతున్నానని నన్నడిగితే, "స్కానింగులో లేదంటే లేనట్టే" అని నేనూ తీర్పు చెప్పేశాను. పెద్దబాపు విన్నాడు. ఆర్నెల్లు నాతో మాట్లాడలేదు.

నా తీర్పు తప్పు. ఎట్లా తప్పో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

జబ్బు పేరు సర్వైకల్ డిస్టోనియా. మెడకండరాలు మనిషి ప్రమేయం లేకుండా బిగుసుకుని తలను తిప్పేస్తాయి. కుడివైపు పెద్దకండ బిగిస్తే తల ఎడమకు తిరుగుతుంది. దీన్ని నటన అనుకున్నది మా ఊరివాళ్ళే కాదు. 1890లలో పారిస్‌లో ఎడ్వార్డ్ బ్రిస్సో అనే పెద్ద డాక్టరు కూడా దీన్ని మనసు జబ్బు కిందనే జమకట్టాడు. ఆయనను తికమకపెట్టింది కూడా ఈ వేలు ఆనించే చిత్రమే!

ఎమ్.ఆర్.ఐ. సంగతి ఫిజిక్సు మిత్రులకు కొత్త కాదు. ఒంట్లోని నీటిలో ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలను 1.5 టెస్లా అయస్కాంతంలో పెట్టి, రేడియో తరంగంతో తట్టి, అవి తిరిగి ఇచ్చే సంకేతంతో బొమ్మ కడతారు. భూమి అయస్కాంతబలానికి ఇది సుమారు 30,000 రెట్లు. గడ్డ ఉన్నా, గాయం ఉన్నా ఆ బొమ్మలో కనపడుతుంది. కానీ అది ఆకారం బొమ్మ మాత్రమే. ట్రాన్స్‌ఫార్మరుకు ఫోటో తీస్తే ఏ తీగలో ఎంత కరెంటు పారుతున్నదో తెలుస్తుందా?

పని తెలుసుకునే ఉపాయం 1990లో సేజీ ఒగావా చూపించాడు. ప్రాణవాయువు వదిలేసిన హిమోగ్లోబిన్‌కు అయస్కాంత గుణం ఉంటుంది, ప్రాణవాయువు మోసే దానికి ఉండదు. మెదడులో ఏ భాగం పని చేస్తే ఆ భాగానికి రక్తం ఎక్కువ మళ్ళుతుంది, అదీ ఖర్చుకు మించి. మనం దాహమైన మడికి గండి కొడితే మడి తాగేదానికన్నా ఎక్కువ నీళ్ళు పారవా, అట్లాగన్నమాట. అప్పుడు అక్కడ సంకేతం పెరుగుతుంది. ఇదే ఫంక్షనల్ ఎమ్.ఆర్.ఐ. మన తెలుగువారికీ దీనితో పరిచయముంది. సురంపూడి బాపిరాజు గారు జపాన్‌లోని కెంజి దోయ తదితరులతో కలిసి, వేళ్ళ కదలికల వరుసను మెదడు ఎట్లా నేర్చుకుంటుందో ఇదే పద్ధతిలో పరిశీలించి 2006లో ప్రకటించారు.

మెడ జబ్బుతో ఒక చిక్కుంది. స్కానర్లో తల కదిలితే బొమ్మ చెడిపోతుంది, జబ్బేమో తల కదలడమే! అందుకని రోగికి చేతి పని ఇస్తారు, లేదా తలను కదలకుండా పెట్టి బలం మాత్రమే చెయ్యమంటారు. ఇట్లాంటి పరీక్షల్లో బేసల్ గాంగ్లియా, చిన్నమెదడు, స్పర్శను అందుకునే పొర, వీటి నడుమ పొత్తు మామూలుగా లేదని తేలింది. 2019లో బ్రెయిన్ పత్రికలో మరో దారి చూపారు. మెదడు దెబ్బతిని ఈ జబ్బు వచ్చిన 25 మంది కేసులు తీసుకున్నారు. గాయాలు ఒక్కొక్కరికి ఒక్కో చోట ఉన్నాయి. ఆరోగ్యవంతుల మెదడు సంబంధాల పటం మీద పెట్టి చూస్తే, అవన్నీ చిన్నమెదడుతోనూ స్పర్శపొరతోనూ ముడిపడిన ఒకే వలలో పడ్డాయి.

మరి తువ్వాల? నౌమన్, ఆయన సహచరులు 2000లో ఏడుగురు రోగులకు పెట్ స్కాన్ తీశారు. చెంపకు వేలు ఆనించినప్పుడు స్పర్శను, శరీర స్థితిని లెక్కగట్టే పెరైటల్ భాగంలో పని పెరిగింది, కదలికకు ఆజ్ఞలిచ్చే భాగాల్లో తగ్గింది. అంటే మేము నటనకు సాక్ష్యమనుకున్నది జబ్బుకే సాక్ష్యం.

అయితే ఈ బొమ్మలు చూసి ఎవరికీ జబ్బు నిర్ధారించలేరు. అవి గుంపుల సగటు లెక్కలు. పెద్దబాపు జబ్బును కనిపెట్టింది మిషను కాదు. తర్వాత చూసిన ఒక నరాల డాక్టరు తువ్వాల ఆనించమని, తియ్యమని రెండుసార్లు చూసి, మెడకండలు చేత్తో నొక్కి చెప్పేశాడు. ఇప్పుడు మూడు నాలుగు నెలలకోసారి బొటులినమ్ ఇంజెక్షన్ ఆ కండల్లోకే ఇస్తున్నారు. జబ్బు పోలేదు, మందు చౌక కాదు, కానీ ఒడ్డు మీద నడుస్తూ ఎదురు చూడగలుగుతున్నాడు.

మొన్న సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు ఇదంతా మా బాపుకు చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. పెద్దబాపు మాత్రం, "అయితే నా ఫోటోల గిదంతా కనవడదా?" అని అడిగాడు. కనపడదన్నాను. నార్మల్ అనే వస్తుందన్నాను. మరుసటి ఇంజెక్షన్ తారీకుకు మా బాపు నాట్లు ఆపి, అన్నతోపాటు తనే బస్సెక్కాడు.